యూదుల సమాజమందిరాలు – మన పాత మసీదులు

తెలుగు బైబిలులో యూదుల ప్రార్థనాలయానికి 'సమాజమందిరము' అన్న మాట వాడారు. చక్కని మాట. హెబ్రూ భాషలో దానికున్న పేరుకు కూడా జనం కూడుకొనే ఇల్లు అనే అర్థం. మన 'జామా మసీదు'లోని మొదటి మాటలో ఉన్నదీ ఆ కూడుకోవడమే. మలయాళ దేశంలో మసీదు పళ్ళి, చర్చి పళ్ళి, యూదుల మందిరం జూతపళ్ళి. బొంబాయిలో 1796లో కట్టిన 'కరుణాద్వారం' అనే సమాజమందిరాన్ని అక్కడి బెనె ఇజ్రాయేలు యూదులు మసీదు అనే పిలుచుకొనేవారు. ఆ పేటలోని రైల్వే స్టేషనుకు 'మసీదు' అనే పేరు ఆ మందిరం వలననే వచ్చిందని చెబుతారు. ఈ పేర్లన్నిటిలోనూ గోడల కన్న ముందు జనం ఉన్నారు. మరి జనం తరలిపోయిన తరువాత ఆ ఇంటిని ఎవరు చూడాలి? ఈ వ్యాసంలో నేను చర్చింపదలచినది ఇదే.

కోనసీమలో పాత సమాజమందిరం ఏదీ లేదు. అమలాపురం, రాజోలు, కొత్తపేట తాలూకాలలో యూదుల ఊసు బైబిలు చదివేవారి నోట, ఖురాను చదివేవారి నోట తప్ప వినపడదు. తెలుగునాట యూదులే లేరని మాత్రం అనరాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తమను బెనె ఎఫ్రాయీమువారిగా చెప్పుకొనే కొద్ది తెలుగు కుటుంబాలు 1991లో ఒక చిన్న ప్రార్థనామందిరం ఏర్పరచుకొన్నాయి. వారు ఇంట్లో మాట్లాడుకొనేది తెలుగే. అంతకు ఎంతో ముందు, 17వ శతాబ్దిలో, గోల్కొండ వజ్రాల వర్తకం కోసం యూదు వ్యాపారులు చెన్నపట్నంలో కాపురం ఉన్నారు. వందలాది సంవత్సరాలుగా నిలిచిన సమాజమందిరాలను చూడాలంటే మాత్రం పడమటి తీరానికి, కొచ్చికి వెళ్ళాలి.

కొచ్చికి వెళ్ళిన కోనసీమవాడికి పరాయి దేశానికి వెళ్ళినట్లు ఉండదు. అదే కొబ్బరి, అదే కాలువ, అదే ఉప్పుగాలి, అవే పెంకుటిళ్ళు. వాన మనకన్న ఎక్కువ. కట్టడాలకు శత్రువులు అక్కడా ఇక్కడా ఒకరే: తేమ, చెద, ఉప్పు, అశ్రద్ధ. కనుకనే అక్కడి అనుభవం మనకు ఏదో దూరపు చరిత్ర కాదు.

మట్టాంచేరిలోని పరదేశీ సమాజమందిరాన్ని 1568లో కట్టారు. స్థలం కొచ్చి రాజు ఇచ్చినది. రాజభవనం, అందులోని భగవతి ఆలయం ఆ మందిరానికి పొరుగునే ఉన్నాయి. 1662లో పోర్చుగీసువారు దానిని ధ్వంసం చేశారు. మరుసటి యేట కొచ్చి డచ్చివారి వశమయింది. 1664లో మందిరాన్ని తిరిగి నిలబెట్టుకొన్నారు. (ఈ డచ్చివారే ఆ కాలంలో మన పాలకొల్లులో, ద్రాక్షారామంలో వర్తకస్థావరాలు నడిపినవారు.) సుమారు నూరేళ్ళ తరువాత, 1760లో, డచ్చి కంపెనీతో వ్యాపారం చేసిన ఎజెకియెల్ రహబీ అనే యూదు ప్రముఖుడు గడియారపు గోపురం కట్టించాడు. చీనా దేశం నుండి చేతితో నీలిరంగు బొమ్మలు వేసిన పలకలను వెయ్యికి పైగా తెప్పించి లోపల నేలకు పరిపించినవాడూ అతడే. గడియారం ముఖాల మీద అంకెలు ఒక్క లిపిలో లేవు. హెబ్రూ ఉన్నది, రోమన్ ఉన్నది, మలయాళమూ ఉన్నది. వీథిలో నడిచే ప్రతివాడికీ వేళ తెలియాలన్నది ఆ కట్టించినవాని ఉద్దేశం కాబోలు.

ఈ చరిత్రను పునరుద్ధరణ అనే ఒక్క మాటలో ఇమడ్చలేము. కట్టారు, చెడింది, కట్టారు, చేర్చారు, మార్చారు. ప్రతి తరమూ ఏదో ఒకటి చేసింది. 1968లో మందిరానికి నాలుగు వందల యేండ్లు నిండినప్పుడు ప్రధాని ఇందిరాగాంధీ ఉత్సవానికి వచ్చారు. తపాలాశాఖ బిళ్ళ విడుదల చేసింది. అప్పటికే కొచ్చి యూదులలో అత్యధికులు దేశం విడిచిపోయారు. గోపురం శిథిలం కాసాగింది. 1998లో ప్రపంచ స్మారక కట్టడాల నిధివారు దానిని ఆపదలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చి, తరువాత మరమ్మతుకు పూనుకొన్నారు. నేడు ఆ మందిరాన్ని చూడవచ్చే యాత్రికులు చెప్పులు బయట విడిచి లోనికి పోతారు. ఇది పాశ్చాత్య యూదుల ఆచారం కాదు. మసీదులోనూ గుడిలోనూ మనం చేసే పనినే కొచ్చి యూదులు తమ ఆచారంగా చేసుకొన్నారు. ఇంతకాలం ఆ చీనా పలకలు చెక్కుచెదరక ఉండడంలో ఆ వట్టి పాదాల పాలు కొంత ఉండదా?

పరదేశీ మందిరం అదృష్టవంతమైనది. దానికి కొద్ది దూరంలోనే ఉన్న కడవుంభాగం సమాజమందిరం దానికన్న పాతది. 16వ శతాబ్ది నడిమి కాలానిది. 1948కి పూర్వం కొచ్చి ప్రాంతంలో యూదులు దాదాపు 2,500 మంది. 1950 దశకంలో వారిలో అత్యధికులు ఇజ్రాయెల్‌కు వెళ్ళిపోయారు. యూదుల సామూహిక ప్రార్థనకు పదిమంది వయోజన పురుషులు ఉండితీరాలి. తొమ్మండుగురుంటే మందిరం ఉన్నా లేనట్లే. కడవుంభాగం మూతబడింది, చేతులు మారింది, సరుకుల గోదాము అయింది. లోపలి చెక్కపనిని 1990 దశకంలో జెరూసలేములోని ఇజ్రాయెల్ మ్యూజియంకు తరలించి అక్కడ అందంగా తిరిగి అమర్చారు. గోడలు ఇక్కడ మిగిలిపోయాయి. 2019 సెప్టెంబరు వానలకు ముందుభాగం కుప్పకూలింది. అటుపిమ్మట పత్రికలు రాశాయి, ప్రభుత్వం కదిలింది. కట్టడం కూలేవరకు కదలకపోవడం ఒక్క కేరళ ప్రభుత్వపు గుణమని నేననను.

అదే చుట్టుపక్కల మాళా అనే ఊరు ఉన్నది. అక్కడి యూదులు వెళ్ళిపోతూ 1955లో తమ మందిరాన్నీ శ్మశానవాటికనూ కాపాడవలసిందని ఒడంబడిక రాసి పంచాయతీకి అప్పగించారు. వెళ్ళిపోయేవారు అంతకన్న ఏం చేయగలరు? కాని కాగితం కప్పు కారకుండా ఆపలేదు. మందిరం సరియైన పోషణ లేక చెడింది; శ్మశానపు భూమి గురించి వివాదాలు రేగాయి. ఒడంబడికలో 'కాపాడవలెను' అన్న క్రియ ఉంది గాని, ఏ మనిషి, ఏ నెలలో, ఏ డబ్బుతో అన్నది లేకపోతే ఇట్లే జరుగుతుంది. వక్ఫు దస్తావేజులు చూసినవారికి ఇది కొత్త సంగతి కాదు.

చేందమంగళం కథ కొంత ఊరట కలిగిస్తుంది. ఆ చిన్న గ్రామంలో గుడి, మసీదు, చర్చి, సమాజమందిరం ఒకదానికొకటి కనుచూపు మేరలో వెలిశాయి. మందిరం ముందు సారా అనే స్త్రీ సమాధిశిల ఉన్నది. దాని మీది సంవత్సరం 1269. మన దేశంలో దొరికిన హెబ్రూ శాసనాలలో అతి ప్రాచీనమైనదిగా దానిని ఎంచుతారు. మన ఆంధ్రదేశంలో అది గణపతిదేవుని పాలన ముగిసి రుద్రమదేవి ఏలిన కాలం. కేరళ పురావస్తుశాఖ ఈ మందిరాన్ని బాగుచేసి, యూదుల జీవనవిధానాన్ని తెలిపే ప్రదర్శనశాలగా 2006లో తెరిచింది. పారవూరులోని 17వ శతాబ్దపు మందిరాన్ని కూడా ముజిరిస్ వారసత్వ పథకం కింద పునరుద్ధరించారు. వీథి మీద ద్వారగృహం, దాని వెనుక స్తంభాల నీడలో పొడవైన నడవ, ఆ తరువాత మందిరం. లోపల గ్రంథపఠనానికి కింద ఒక వేదిక, మేడ మీద మరొక వేదిక. ఈ రెండు వేదికల పద్ధతి కేరళ యూదులకే ప్రత్యేకం. తోరా గ్రంథాలను ఉంచే పవిత్ర మందసం మాత్రం ఇజ్రాయెల్‌కు తరలిపోయింది. ఇప్పుడు పారవూరులో ఉన్నది నకలు.

ప్రార్థన లేని ప్రార్థనాలయం ప్రదర్శనశాలగా బ్రతకడం బ్రతుకేనా అని అడిగేవారున్నారు. ప్రార్థన ఉండడమే ఉత్తమం, అందులో సందేహం లేదు. అది లేనప్పుడు గోదాము కన్న ప్రదర్శనశాల మేలు, శిథిలం కన్న గోదాము మేలు. గోదాములోనైనా రోజూ ఎవరో ఒకరు తలుపు తీస్తారు, గాలి ఆడుతుంది, కప్పు కారితే సరుకు తడుస్తుందన్న భయంతో పెంకు సర్దుతారు. కట్టడాన్ని చంపేది తాళం. నేను గమనించినంతలో, పునరుద్ధరణకు డబ్బు దొరకడం కష్టమే కాని అసాధ్యం కాదు. ప్రారంభోత్సవానికి మంత్రులు వస్తారు, శిలాఫలకం మీద పేర్లు చెక్కుతారు. ఆ తరువాతి ఆషాఢంలో తూము మూసుకుపోతే ఆకులు తీసేవాడికి నెలజీతం ఇవ్వడానికి ఏ ఖాతాలోనూ పద్దు ఉండదు.

ఆ ఆకులు తీసేవాడి సంగతి తెలియాలంటే కలకత్తా వెళ్ళాలి. బాగ్దాదు నుండి వచ్చిన యూదులు అక్కడ 1856లో బెత్ ఎల్, 1884లో మాగెన్ డేవిడ్ అనే గొప్ప సమాజమందిరాలు నిర్మించారు. రెండవదాని ఎర్రని గోపురం చూసి చర్చి అని పొరబడేవారు ఇప్పటికీ ఉన్నారు. ఒకప్పుడు వేల సంఖ్యలో ఉన్న ఆ సమాజం నేడు చేతివేళ్ళ మీద లెక్కించదగినంత. ఈ రెండు మందిరాలూ భారత పురావస్తు సర్వేక్షణశాఖ రక్షణలో ఉన్నాయి; మరమ్మతులు జరిగి 2017 డిసెంబరులో తిరిగి తెరుచుకొన్నాయి. అయితే సర్వేక్షణశాఖ వచ్చేవరకు, వచ్చిన తరువాత కూడా, దీపాలు తుడిచి, బల్లలు తుడిచి, తలుపులు తీసి మూసేవారు ఎవరు? ఒరిస్సా నుండి వచ్చి తరతరాలుగా అక్కడ కొలువు చేస్తున్న ముస్లిములు. నఖోదా మసీదు ఆ దరిదాపులలోనే ఉన్నది. శుక్రవారం తమ నమాజు చేసుకొని, శనివారపు విశ్రాంతిదినానికి యూదుల మందిరం సిద్ధం చేసిన చేతులవి. ఆ ఊళ్ళోనే 1881లో స్థాపించిన యూదు బాలికల పాఠశాలలో నేడు చదివేవారిలో అత్యధికులు ముస్లిం బాలికలు. ఈ సంగతులను వింతలుగా పత్రికలలో వేసి, మతసామరస్యమని రెండు మాటలు చేర్చి ముగిస్తారు. ఆ కాపలాదారులను అడిగితే బహుశా అంత పెద్ద మాట వాడరు. అది వారి ఉద్యోగం, ఉద్యోగాన్ని వారు శ్రద్ధగా చేశారు. ఆ శ్రద్ధే నాకు సామరస్యం కన్న పెద్ద మాటగా తోస్తుంది.

కొచ్చిలో సారా కోహెన్ అనే యూదు వృద్ధురాలు 2019లో 96వ యేట మరణించింది. జూ టౌన్ వీథిలో ఆమె నడిపిన కుట్టుపని దుకాణాన్నీ, చివరి సంవత్సరాలలో ఆమెనూ చూసుకొన్నది ఒక ముస్లిం కుటుంబమే.

ఇక్కడ కొందరు పాఠకులు నన్ను నిలదీయవచ్చు. పాలస్తీనాలో ఇంత జరుగుతుండగా ముస్లిం అధ్యాపకుడివి నీవు యూదుల మందిరాల మీద వ్యాసం రాయడమేమిటని. అక్కడ జరిగేది చూసి మనసు మండని ముస్లిం ఉండడు. నా మనసూ మండుతుంది. కాని మట్టాంచేరి గోడ దానికి సంజాయిషీ చెప్పవలసిన అవసరం లేదు. ఎక్కడో ఎవరో చేసిన పనికి మన ఊరి మసీదును జవాబు అడిగినప్పుడు మనం ఎంత నొచ్చుకొంటామో గుర్తు తెచ్చుకోవాలి. ఖురాను హజ్ అధ్యాయంలోని నలభయ్యవ వాక్యం సన్యాసుల మఠాలను, చర్చిలను, యూదుల ప్రార్థనాలయాలను, మసీదులను ఒకే వరుసలో పేర్కొని, అవి ధ్వంసం కాకుండుటను దైవకృపగా చెబుతుంది. ఆ వరుసలో మసీదు చివరన ఉండడం గమనార్హం.

తుర్కీలోని ఎడిర్నె పట్టణంలో ఇదే ప్రశ్న ఎదురైంది. 1909లో తెరిచిన అక్కడి పెద్ద సమాజమందిరం, జనం తరలిపోగా మూతబడి, 1997లో పైకప్పు కూలిపోయి ఉండగా, ఆ దేశపు వక్ఫుల శాఖ దానిని పునర్నిర్మించసాగింది. 2014 నవంబరులో, అక్సా మసీదు వద్ద జరిగిన సంఘటనల మీది కోపంతో, ఆ ప్రాంతపు గవర్నరు దానిని ప్రార్థనకు ఇవ్వక వట్టి ప్రదర్శనశాలగా ఉంచుతామన్నాడు. వక్ఫుల శాఖ ఆ మాటను తోసిపుచ్చింది. 2015 మార్చిలో అక్కడ యూదులు ప్రార్థన చేశారు. వక్ఫు అన్న మాటకు ఆ శాఖవారు తెలుసుకొన్న అర్థం విశాలమైనది.

ఇంత దూరం తిరిగి ఇప్పుడు మన ఊళ్ళకు వస్తాను. కోనసీమలోని పాత మసీదులు పెద్దవి కావు. ఇటుక, గానుగ సున్నం, టేకు దూలాలు, కూనపెంకు లేదా మదరాసు మిద్దె. మెహ్రాబు చుట్టూ ఒక సున్నపు లత, గుమ్మం మీద పారసీకంలోనో అరబీలోనో నాలుగు పంక్తులు. కరక్కాయ నీళ్ళూ బెల్లమూ కలిపి గానుగలో నూరిన ఆ సున్నానికి ఒక గుణమున్నది. అది తేమను పీల్చుకొని తిరిగి బయటికి విడిచిపెడుతుంది. దాని మీద సిమెంటు పూత పూస్తే తేమ లోపలే చిక్కి, నేలలోని ఉప్పును ఇటుకలోకి లాగుతుంది. రెండు మూడేళ్ళలో గోడకు చవుడు పట్టి పూత పెచ్చులుగా రాలుతుంది. అప్పుడు కమిటీ పెద్దలు గోడ పాడైపోయిందని తేల్చి, మసీదును పడగొట్టి కాంక్రీటు మసీదు కట్టిస్తారు. పాడుచేసినది సిమెంటు అని ఎవరూ అనుకోరు. కాంక్రీటుకూ ఉప్పుగాలి పడదు. లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బి, శ్లాబు పగులుతుంది. 1996 నవంబరు 6నాటి తుఫానును తట్టుకొని నిలిచిన పాత గోడలను పడగొట్టి, ముప్పై యేండ్లకే పెచ్చులూడే కప్పు వేసుకొంటున్నాము.

ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. గల్ఫుకు వెళ్ళిన బిడ్డలు ఊరి మసీదు మీద ప్రేమతో డబ్బు పంపుతారు. కువైటులో, దుబాయిలో చూసిన గుమ్మటం మన ఊళ్ళోనూ ఉండాలని కోరుకొంటారు. పడగొట్టి కట్టడంలో పుణ్యం కనపడుతుంది, పెంకు తిరగవేయడంలో కనపడదు. కాని ఆ డబ్బు పంపేవారు వెళ్ళిపోయినవారే అన్న సంగతి మరువరాదు. కొన్ని ఊళ్ళలో మన ఇళ్ళు నాలుగో అయిదో మిగిలాయి. యువకులు విమానం ఎక్కారు, పెద్దలు పట్నం చేరారు. కొచ్చి యూదులు ఒక్కసారి వెళ్ళారు, మనం ఒక్కొక్కరుగా వెళుతున్నాము. పెద్ద గుమ్మటం కట్టిన మసీదుకు శుక్రవారం నాడు రెండు వరుసలు నిండని రోజు వస్తే దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?

పొరుగువారి దగ్గర ఉంటుందని ధైర్యంగా అనగలను. ముస్లిములు లేని తెలుగు గ్రామాలలో పీర్లచావిడికి సున్నం వేయించి, మొహర్రం నాడు పీర్లను ఎత్తేది హిందువులే కదా. కాని పొరుగువారి మీద భారం వేసే ముందు మన వంతు మనం చేయాలి. వక్ఫు దుకాణాల అద్దెలో నూటికి పదివంతులు కట్టడపు మరమ్మతులకని విడిగా బ్యాంకులో వేయాలి; ఏ ఉత్సవానికీ దానిని ముట్టరాదు. రోహిణి కార్తెలో పెంకు తిరగవేయించి, మృగశిర ప్రవేశించే లోపల తూములు శుభ్రం చేయించాలి. సున్నపు గోడకు సున్నమే పూయాలి. గానుగ దొరకని చోట కనీసం సిమెంటు మానుకోవాలి. పడగొట్టక తప్పనప్పుడు ముందుగా కొలతలు తీసి, ఛాయాచిత్రాలు తీసి, గుమ్మం మీది అక్షరాలను కాగితం మీదికి ఎత్తుకోవాలి.

చివరి పని మన కళాశాల చేయగలది. ఉర్దూ శాఖ విద్యార్థులు శాసనాలు చదవగలరు. తెలుగు శాఖ విద్యార్థులు ఆ మసీదు కట్టిన తాపీవారి మనుమలను, పెంకు నేసినవారిని, చుట్టుపక్కల ఇళ్ళ వృద్ధులను కలిసి వారు చెప్పినది రాసుకోగలరు. వేసవి సెలవులలో ఒక్కొక్క జట్టు రెండేసి ఊళ్ళు తీసుకొంటే చాలు. కొలత టేపు, నోటుపుస్తకం, ఫోనులోని కెమెరా తప్ప వేరే పరికరం అక్కరలేదు. రాజోలు వైపు ఊళ్ళకు రావడానికి ఎవరైనా సిద్ధపడితే శనివారం మధ్యాహ్నం తెలుగు శాఖలో నన్ను కలవవచ్చును.